ఎమ్మిగనూరు బస్సు వెనక ఆలూరు ఆటో

ఆదోనిలో ఆలూరు రోడ్డు ఆటో స్టాండుకు పోయి యూసుఫ్ సాబ్ ఎవరని అడిగితే, ముందు మీరెవరని అడుగుతారు. మీ ఊరేది, మీ పేరేది, సాబన్నతో మీకేం పని, అన్నీ చెప్పించుకున్నాక గానీ, "అదో, టీ బంకు పక్కన గుడ్డతో అద్దం తుడుస్తాండాడే, ఆయప్పే" అని చూపించరు. మీరు ఆయన దగ్గరికి నడిచి వెళ్ళేలోపల మీ సంగతంతా ఆయన ఫోనులోకి వెళ్ళిపోయి ఉంటుంది. ఆ స్టాండులో బండ్లకంటే కబుర్లు వేగంగా పోతాయి.

యూసుఫ్ సాబ్‌కు నలభై ఎనిమిదేళ్ళు. దూదేకుల ఇల్లు. మొక్కేది అల్లాను, మాట్లాడేది తెలుగు. తాత, తండ్రి ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టి బతికినవాళ్ళు. స్పాంజి పరుపులొచ్చి ఆ పని మూలపడ్డాక ఈయన ఆటో పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆదోని నుంచి ఆలూరికీ, ఆలూరు నుంచి ఆదోనికీ మనుషుల్ని మోస్తున్నాడు. మనుషులతోపాటు పత్తి బోరాలు, శెనక్కాయ మూటలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, ఒకసారి దేవనకొండ నుంచి పుట్టింటికి వచ్చిన ఒక నిండు చూలాలిని కూడా. ఆమె బిడ్డ ఆటోలోనే పుట్టింది. తల్లి లేచి కూర్చునేదాకా ఆస్పత్రి వరండాలో కదలకుండా కూర్చున్నాడు యూసుఫ్ సాబ్. ఆ రోజు కిరాయి పోయిందని ఇంట్లో ఒక్క మాట అనలేదు.

అంత మంచివాడు. తాగడు, తిట్టడు, బ్రేకు సరిగా లేని బండిని రోడ్డు మీదికి తీయడు. కూతురు మహజబీన్ సంగతికి వచ్చేసరికి మాత్రం ఆయనకు బుద్ధి వెనక సీట్లో, భయం ముందు సీట్లో. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు, ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయాక దక్కిన పిల్ల. భయం లేకుండా ఎట్లా ఉంటుంది? ఉండాలి కూడా. కాకపోతే భయానికీ ఒక సీటు చాలు. ఈయన దానికి బండి మొత్తం రాసిచ్చేశాడు.

ఆలూరు లైన్లో ఒక కట్టడి ఉంది. ఎక్కడా రాసుండదు, ఎవరూ తప్పరు. డ్రైవరు ఇంటివాళ్ళ దగ్గర ఇంకో డ్రైవరు కిరాయి తీసుకోడు. భార్య గానీ, తల్లి గానీ, బిడ్డ గానీ, ఎవరి బండైనా ఎక్కి కూర్చోవచ్చు. దించినాక ఆ డ్రైవరు ఒక ఫోను కొడతాడు: "అన్నా, మీవాళ్ళను దింపినా." మర్యాదగా మొదలైన ఏర్పాటు. మద్దయ్య కాలం నుంచీ ఉంది. మద్దయ్య అంటే ఆ స్టాండుకు పెద్ద. ఆయన మాట దాటి సీరియల్లో, అంటే బండ్ల వరసలో, ఒక్క బండి ముందుకు కదలదు.

మహజబీన్ ఆరో తరగతికి ఊరి ఆ కొసనున్న బడికి పోవడం మొదలుపెట్టింది మొదలు, ఈ మర్యాదను యూసుఫ్ సాబ్ తన పనికి వాడుకున్నాడు. "దింపినాక యాడికి పోయిందో కూడా ఒక సూపు సూడప్పా" అని ఒకరికి చెప్పాడు. ఇంకొకరికి, "ఎవరితో మాట్లాడుతాందో సెప్పు" అన్నాడు. స్టాండులో నలభై బండ్లు. నలభై బండ్లకు ఎనభై కళ్ళు. ఆ పిల్ల బడి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకు మారిందిగానీ ఆ కళ్ళు మారలేదు.

ఒకరోజు స్నేహితురాలు లావణ్యతో కలిసి మార్కెట్ దగ్గర మిరపకాయ బజ్జీలు తిని ఇంటికి వచ్చింది. గడపలో చెప్పులు విప్పకముందే తండ్రి నవ్వుతూ అడిగాడు: "బజ్జీల్లోకి ఎర్రగడ్డ తరిగి వేసినాడా, లేదా?" ఆయనకది పరాచికం. ఆమెకు తిన్న బజ్జీ గొంతులో అడ్డం పడింది. ఆ తర్వాత లావణ్యతో మార్కెట్ వైపు పోలేదు.

ఇంకోసారి ఆ స్టాండులోనే బండి తోలే గోవిందన్న ఆటో దిగి, అందరిలాగే డబ్బు తీసి చాపింది.

"ఏంది పాపా ఇది! సాబన్న కూతురి దగ్గర తీసుకుంటే స్టాండులో నా మొగం ఎవరన్నా సూస్తారా?"

"తీసుకో అన్నా. డబ్బులిచ్చి దిగినోళ్ళు యాడికి పోయినారో నువ్వు ఎవరికీ సెప్పవు గదా. నన్ను గూడ అట్లే దిగనీ."

గోవిందన్న పగలబడి నవ్వాడు. డబ్బు తీసుకోలేదు. ఆ మాట కూడా యూసుఫ్ సాబ్‌కు ఫోన్ చేసి చెప్పాడు. యూసుఫ్ సాబ్ కూడా నవ్వాడు. ఇద్దరికీ నవ్వొచ్చిందంటే, ఆ మాట బరువు ఇద్దరికీ తెలియలేదన్నమాట.

కోర్సు ముగిసింది. ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు ల్యాబులో ఉద్యోగం వచ్చింది. రక్తం తీయడం, పరీక్షలు చేయడం. ఉదయం ఎనిమిదిన్నరకల్లా అక్కడ ఉండాలి, సాయంత్రం అయిదింటికి ఇంటిదారి పట్టవచ్చు.

"ఆదోనిలో ల్యాబులు లేవా?" అన్నాడు తండ్రి.

"ఉండాయి. వాళ్ళు పిలవలేదు, వీళ్ళు పిలిచినారు."

"నేను మాట్లాడతా వాళ్ళతో."

"వద్దు నాయినా. నా చెయ్యి సూసి పిలిచినోళ్ళ దగ్గరికే పోతా."

తల్లి పీరాంబీ మూలన కూర్చుని బొంత కుడుతోంది. సూది ఆపకుండానే అంది: "పిల్లను గంప కింద మూసిపెట్టి, గింజలు ఏరుకోవడం రాలేదంటే ఎట్లా? పోనీ."

యూసుఫ్ సాబ్ మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాలుగో రోజు ఒప్పుకున్నాడు. "ఒక నెల సూస్తా. ఏమన్నా తేడా వచ్చిందంటే మాన్పిస్తా" అన్నాడు. ఒప్పుకున్నవాడు ఊరుకోవచ్చు గదా! ఎమ్మిగనూరు లైన్ స్టాండుకు పోయి, అక్కడి పెద్ద వీరన్నకు టీ తాగించి, "మా పాప మీ బండ్లలోనే వస్తాది, కాస్త సూసుకో" అని అప్పగింతలు పెట్టి వచ్చాడు. ఆలూరు కళ్ళు చాలవని ఎమ్మిగనూరు కళ్ళు కూడా చేర్చుకున్నాడు.

మహజబీన్ మూడు రోజులు ఆటోలో పోయింది. నాలుగో రోజు రాత్రి అన్నాల దగ్గర చెప్పింది.

"రేపటి నుంచి బస్సులో పోతా నాయినా."

యూసుఫ్ సాబ్ చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆ ఇంట్లో బస్సు మాట ఎత్తేవాళ్ళు లేరు. ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయినప్పటి నుంచి ఆలూరు లైన్లో వెనక సీట్లు సగం ఖాళీ. ఇన్నాళ్ళూ "సాబన్నా, నిలుపు" అని పరుగెత్తుకొచ్చిన అమ్మలూ అక్కలూ ఇప్పుడు ఆధార్ కార్డు చేత్తో పట్టుకుని, ఆయన వైపు చూడకుండా బస్సు కోసం నిలబడుతున్నారు. వాళ్ళను తప్పు పట్టలేడు. అయినా కడుపు మంట కడుపు మంటే.

"లోకమంతా ఎక్కినా సరే, నా కూతురు గూడ బస్సెక్కితే స్టాండులో నేనేం మొగం పెట్టుకోని నిలబడాల?"

"బస్సులో నేనెవరో ఎవరికీ తెలీదు నాయినా. ఊరికే ఒక మనిషిని. కార్డు సూపిస్తా, టికెట్ ఇస్తారు, కూర్చుంటా." ఆ మాట అంటున్నప్పుడు పిల్ల మొహంలో వెలుగు చూసి ఆయన ఇంకేమీ అనలేకపోయాడు. కాదనడానికి కారణం కూడా దొరకలేదు. దొరికి ఉంటే అనేవాడే.

బస్సులో ఫోను చేసే గోవిందన్నలు లేరు. దింపినానని చెప్పే వీరన్నలు లేరు. ఉదయం ఏడున్నరకు కూతురు బస్సు మెట్టెక్కిందంటే, సాయంత్రం గడపలో అడుగు పెట్టేదాకా యూసుఫ్ సాబ్‌కు లోకమంతా చీకటి. సీరియల్లో తన వంతు వచ్చినా చూసుకునేవాడు కాదు. వెనక బండివాళ్ళు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయేవాళ్ళు. వారం అట్లా గడిచింది. ఎనిమిదో రోజు ఇక ఆగలేకపోయాడు. బస్సు కదలగానే, "సీరియల్లో నా నంబర్ నువ్వు తీసుకో" అని గోవిందన్నకు చెప్పి, ఖాళీ ఆటో తిప్పి ఎమ్మిగనూరు రోడ్డెక్కాడు.

ఏం చూద్దామని? ఆ మాట ఆయన్ను అడిగితే ఆయనకే తెలియదు. బస్సు దిగి పిల్ల నేరుగా ల్యాబులోకి పోతుందా లేదా చూసి, వెనక్కి తిరిగి వచ్చేద్దామనుకున్నాడు. ఒక్కసారి చూస్తే నెమ్మది అవుతుందనుకున్నాడు. గజ్జిని ఒక్కసారి గోక్కుంటే పోతుందనుకున్నట్టు.

బస్సు ముందు, ఆటో వెనక. ఆరేకల్ దాకా బస్సు వెనక భాగం కనిపిస్తూనే ఉంది. ఆరేకల్ స్టేజీ దగ్గర ఒక ముసలామె చెయ్యెత్తింది.

ఇక్కడే మన యూసుఫ్ సాబ్ గురించి ఒకటి తెలుసుకోవాలి. ఖాళీ ఆటో, చెయ్యెత్తిన మనిషి, ఈ రెండూ ఒకచోట చేరాయంటే ఆయన కాలు దానంతట అదే బ్రేకు మీద పడుతుంది. ఇరవై రెండేళ్ళ అలవాటు. ఆ క్షణంలో తాను ఏ లైన్లో ఉన్నాడు, ఎందుకు వచ్చాడు, ఎవరి వెనక పోతున్నాడు, ఏదీ గుర్తులేదు. బండి నిలిచింది. ముసలామె ఎక్కింది. పేరు మారెమ్మ.

"బస్సు నిండా జనమేనప్పా, నిలపకుండా పాయ. పరగడుపున రక్తం తీపించుకోవల్ల, పొద్దున్నించి నీళ్ళు గూడ తాగలే. బిరీన పోనియ్యి."

ఇంకొంచెం దూరంలో ఇద్దరు ఎక్కారు. కోటేకల్లు దగ్గర ముగ్గురు. ఆటో నిండింది, బస్సు కనుమరుగైంది. కిక్కిరిసిన బండిలో, ఆయన వీపు వెనకే కూర్చున్న మారెమ్మ మాటలు ఆపలేదు.

"ఆ ల్యాబులో కొత్తగా ఒక సాయిబుల పాప వచ్చినాది సాబూ. ముందున్న పిల్లోడు నరం దొరక్క మూడు సార్లు పొడిసేటోడు. ఈ పాప చెయ్యి పట్టుకోని మాటల్లో పెడతాది, అయిపోయిందవ్వా అంటాది. సీమ కుట్టినట్లు గూడ ఉండదు. ఎవురు కన్నారో గాని!"

నేనే కన్నానవ్వా అని అరవాలనిపించింది యూసుఫ్ సాబ్‌కు. అరిస్తే, మరి ఇక్కడెందుకున్నావని అడుగుతుంది. గేరు మార్చి ఊరుకున్నాడు. కూతురి చేతి మంచితనం కూడా ఆయనకు ఇంకొకరి నోటినుంచే తెలిసింది.

ఎమ్మిగనూరు స్టాండులో బండి ఆగడం, నలుగురు డ్రైవర్లు చుట్టుముట్టడం ఒక్కసారే జరిగాయి. ఒక లైన్ బండి ఇంకో లైన్లో మనిషిని ఎక్కించుకోవడమంటే, పక్కవాడి చేనులో పత్తి ఏరుకోవడమే. అందులోనూ ఒకరు కాదు, ఆరుగురు. వీరన్న చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చి, మనిషిని చూసి బిత్తరపోయాడు.

"సాబన్నా, నువ్వా! అసలే బండ్లు నిండక సస్తాంటే, పెద్దమనిషివి, నువ్వే ఈ పని సేస్తే ఎట్ల?"

యూసుఫ్ సాబ్ ఆటో దిగాడు. కిరాయి కోసం వచ్చానంటే దొంగ. ఊరికే వచ్చానంటే అబద్ధం. మారెమ్మ దిగుతూ, "నేను సెయ్యెత్తితే నిలిపినాడప్పా, ఆయప్పను ఏమనద్దండి" అని వెనకేసుకొచ్చింది. అయినా వీరన్న కదల్లేదు.

"ఖాళీ బండేసుకోని ఈ రోడ్డుకు ఎందుకొచ్చినావు? అది సెప్పు."

తప్పలేదు. "మా పాప బస్సులో వచ్చింది వీరన్నా. సూసుకుందామని."

ముందు ఒకడు కిసుక్కుమన్నాడు. ఆపైన స్టాండు స్టాండంతా కడుపు పట్టుకుని నవ్వింది. "బస్సు ఎనకాల ఆటోనా సాబన్నా!" అని ఒకరు, "సూసుకునేదానికి వచ్చి సుట్టు ఊర్లన్నీ ఎక్కించుకోని వచ్చినావే!" అని ఒకరు. కొట్టి ఉన్నా బాగుండేదనిపించింది ఆయనకు. ఆ నవ్వు ఆయనకంటే ముందే ఆదోని చేరింది. వెనక్కి వచ్చేసరికి మద్దయ్య కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తున్నాడు. సీరియల్ వదిలిపెట్టి పోయినందుకు, ఇంకో లైన్లో చెయ్యి పెట్టినందుకు వారం రోజులు బండి కట్టెయ్యాలన్నాడు. యూసుఫ్ సాబ్ బండి ఇంటి ముందు నిలిపి వచ్చి, తాళం చెవి ఆయన చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నానికి సంగతి ల్యాబుకు కూడా చేరింది. వీరన్న భార్య షుగరు పరీక్షకు వచ్చి, నవ్వు ఆపుకోలేక మొత్తం చెప్పేసింది.

సాయంత్రం మహజబీన్ ఇంటికి వచ్చింది. అరవలేదు. కాళ్ళు కడుక్కుని, తండ్రి ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆమె అరిచి ఉంటే ఆయనా అరిచేవాడు, ఇద్దరికీ సులువుగా ఉండేది.

"నేను ఏం తిన్నానో గోవిందన్నను అడిగినావు. ఎవరితో మాట్లాడినానో వాళ్ళను వీళ్ళను అడిగినావు. నన్ను ఎప్పుడన్నా అడిగినావా నాయినా?"

"అడిగితే సెప్తావా?"

"అడగలేదు గదా. యాడ తెలుస్తాది?"

ఆయన తల దించుకున్నాడు. ఆమె గొంతు మొదటిసారి వణికింది.

"ఉద్యోగం మాన్పిస్తానంటే మాన్పించు. నీ మాట కాదని పోను. కానీ నా వల్ల తప్పు జరిగి మానేసినట్లు ఉండకూడదు. నాకు భయమై మాన్పించినానని స్టాండులో నువ్వే సెప్పు."

యూసుఫ్ సాబ్ తల ఎత్తకుండానే అన్నాడు: "భయమే పాపా. వేరేది ఏమీ లేదు. రోడ్డు మీద ఉండేటోన్ని గదా. ఈ కండ్లతో ఏమేమి సూసినానో నీకు తెలీదు."

"తెలుసు. కాదనను. అందుకే ఒక మాట అనుకుందాం. పొద్దున పోయినప్పటి నుంచి రాత్రి ఎనిమిది దాకా నా పొద్దు నాది. ఎవరినీ అడగద్దు, ఎనకాల రావద్దు. ఎనిమిది కొట్టినాక గూడ నేను రాలేదంటే, అప్పుడు నువ్వు నలభై బండ్లు వేసుకోని వచ్చినా ఏమీ అనను. అప్పుడు రాకపోతేనే అడుగుతా, ఎందుకు రాలేదని."

"ఎనిమిదా? ఏడు సెయ్యి."

"ఎనిమిది."

పీరాంబీ మూలనుంచి, "ఎనిమిదే" అంది. బేరం ముగిసింది.

ఆ వారం యూసుఫ్ సాబ్ జీవితంలో ఎన్నడూ లేనంత పొడుగు. బండి ఇంటి ముందే ఉంది, కదపడానికి లేదు. రెండో తాళం చెవి ఇంట్లో ఉందని స్టాండులో అందరికీ తెలుసు కాబట్టి, ఈయన మాట తప్పుతాడేమోనని ఒక కన్ను వేసి ఉంచారు. ఇక్కడ మీరు ఊహించుకోండి. ఆ కళ్ళు ఎంత బాగా పనిచేస్తాయో నేర్పించింది ఈయనే గదా! ఎండలో టైర్లు పాడవుతాయని బండిని నాలుగడుగులు నీడకు తోశాడు. పది నిమిషాల్లో మద్దయ్య ఫోను: "సాబూ, బండి కదిపినావంట?" బజారులో టీ తాగితే గోవిందన్న: "రెండో టీ అంట గదా సాబన్నా!" బావమరిదిని చూడడానికి బస్సెక్కి తుగ్గలి పోతే, ఆయన దిగకముందే ఆ కబురు స్టాండుకు చేరింది. అందులోనూ బస్సులో పోయాడని ఇంకో నవ్వు.

మూడో రోజు చెప్పులు విసిరేసి పీరాంబీ మీద విరుచుకుపడ్డాడు. "నేనేమన్నా దొంగనా? యాడికి పోయినా అడిగేదే! ఊపిరాడనీకుండా సేస్తాండారు!"

పీరాంబీ పంటితో దారం కొరికింది. "నీకు మూడు దినాలకే ఊపిరాడలేదు. అది తొమ్మిదేండ్లు ఎట్ల ఓర్చుకునిందో."

విసిరేసిన చెప్పులు తనే తీసి గడప పక్కన పెట్టుకున్నాడు యూసుఫ్ సాబ్. ఆ మధ్యాహ్నం మొదటిసారి, నవ్వులాటకు కాకుండా, కూతురు మార్కెట్‌కు పోవడం ఎందుకు మానేసిందో అర్థమైంది. ఆయనకు ఏడుపొచ్చింది. మగవాడు ఏడవకూడదనే రకం కాదు, భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని కాసేపు కూర్చున్నాడు.

ఆరో రోజు మధ్యాహ్నం నుంచి వాన. పడమటి మబ్బు నల్లగా కమ్ముకుని రెండు గంటలు కుండపోతగా కురిసింది. ఆరింటికి తగ్గింది. ఆరున్నరకు రావాల్సిన పిల్ల ఏడింటికీ రాలేదు. ఫోను చేస్తే స్విచాఫ్. ఏడుంబావుకు పక్కింటాయన వచ్చి, ఎమ్మిగనూరు రోడ్డు మీదికి వంక నీళ్ళు వచ్చినాయంట, బండ్లు నిలిచిపోయినాయంట అని చెప్పి పోయాడు.

యూసుఫ్ సాబ్ చేతిలో ఫోను. వీరన్న నంబరు తీశాడు. ఒక్క మాట అంటే చాలు, వంకకు అటువైపు పది బండ్లు, ఇటువైపు పది బండ్లు బస్సు బస్సూ వెతుకుతాయి. గోడ మీద గడియారం చూశాడు. ఏడున్నర. పీరాంబీ ఆయన్నే చూస్తోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, దువా చదువుతోంది. ఆమెకు మాత్రం భయం లేదా?

"ఎనిమిది అన్నాది గదా" అన్నాడు ఆయన.

"అన్నాది."

ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. లేచి వాకిట్లోకి పోయాడు, వచ్చాడు. మళ్ళీ పోయాడు. ఆ కాస్త సేపట్లో ఆయన ఇంటికీ వాకిలికీ మధ్య తిరిగిన తిరుగుడు ఒక ఆలూరు ట్రిప్పు ఉంటుంది. ఏడూ నలభై. ఏడూ నలభై అయిదు. చొక్కా వేసుకున్నాడు. రెండో తాళం చెవి జేబులో పెట్టుకున్నాడు. మద్దయ్య ఏమన్నా అననీ, ఎనిమిది కొట్టిన మరుక్షణం బండి తీస్తాడు. అంతకు ముందు తీయడు. మాట ఇచ్చాడు.

ఏడూ యాభైకి సందు మొగలో మనిషి కనిపించింది. చెప్పులు చేతిలో, మోకాళ్ళ దాకా బురద, నెత్తిన దుపట్టా తడిసి ముద్ద. నడకలో మాత్రం అలసట లేదు. యూసుఫ్ సాబ్‌కు ఒక్కసారిగా వంద ప్రశ్నలు నోటిదాకా వచ్చాయి. యాడున్నావు, ఎవరితో వచ్చినావు, ఫోనెందుకు ఆగింది, వంక ఎట్ల దాటినావు. అన్నీ మింగేసి, గడపలో పక్కకు జరిగి దారి ఇచ్చాడు. పీరాంబీ తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

"నాయినా, ఈ పొద్దు ఏం జరిగిందో తెలుసునా?" అంది మహజబీన్.

తెలియదు. నిజంగానే ఆయనకు ఏమీ తెలియదు. ఇరవయ్యేళ్ళలో కూతురి గురించి ఏమీ తెలియకుండా ఆయన కూతురి ఎదుట నిలబడింది ఆ సాయంత్రమే.

"వంక రోడ్డు మీద పారతాంది. బస్సు నిలిపినారు. మగోళ్ళు కొందరు దిగి, మోకాల్లోతే, నడిసి పోదాం రండని బయల్దేరినారు. ఆడోళ్ళు గూడ సీరలు ఎగ్గట్టుకోని దిగతాండారు. నేను అడ్డం నిలబడినా. రోడ్డు అంచున తెల్లరాళ్ళు ఉంటాయి సూడు, ఆ రాళ్ళ నెత్తి కనిపించేదాకా ఎవురూ దిగేది లేదంటి. కండక్టరు, నీకేం తెలుసమ్మా అన్నాడు. మా నాయిన డ్రైవరు, ఇరవై రెండేండ్ల సర్వీసు అంటి. ఆ రాళ్ళు తేలినాకనే అందరం దిగి దాటినాం."

"నీకా రాళ్ళ సంగతి ఎవరు సెప్పినారు?"

"నువ్వే. నేను రెండో తరగతో మూడో తరగతో. ముందు సీట్లో నీ పక్కన కూర్చోబెట్టుకోని ఆలూరు పోతాంటే సెప్పినావు. నీకు గుర్తు లేదా?"

ఆయనకు గుర్తు లేదు. ఇన్నేళ్ళలో ఎన్ని చెప్పి ఉంటాడో, అందులో ఏది పిల్లలోకి పోయిందో ఆయన ఎన్నడూ చూసుకోలేదు. కళ్ళు చెమ్మగిల్లాయి. అది కూతురు చూడకూడదని వంటింటి వైపు తిరిగాడు.

"తడిసి వచ్చినావు. ముందు అన్నం తిందువు రా పాపా."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని లాగి, చాప మీద కూర్చోబెట్టింది.

"తింటాలే నాయినా. ముందు ఇది విను."